విప్పడం నుంచి తిప్పడం దాకా: ఆవిరి ఇంజను నమూనా పునర్నిర్మాణం

అందరికీ నమస్కారం.

పాతబడి ఆగిపోయిన ఆవిరి ఇంజను నమూనాను ఇంటి వర్క్‌షాపులో మళ్లీ నడిపించడమే ఈ పూట విషయం. పోత ఇనుముతోనో గన్‌మెటల్ అనే కంచు రకంతోనో చేసినది, బోరు, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, 20 మి.మీ. అటూఇటూగా ఉన్నది, పిస్టన్‌కు రెండు వైపులా ఆవిరి పనిచేసే స్లైడ్ వాల్వ్ ఇంజను అనుకుందాం. సిలిండర్‌లోకి ఆవిరి వెళ్లే దారులను, అంటే పోర్టులను, జారుతూ తెరిచి మూసేదే స్లైడ్ వాల్వ్. నేను చెప్పే అంకెలన్నీ ఆ సైజుకే.

ఇలాంటిది చేతికి రాగానే చాలామంది చూపు లేత్ మీదికి పోతుంది. బోరు చేసేద్దాం, కొత్త పిస్టన్ తీసేద్దాం అంటారు. కానీ జబ్బు అక్కడ ఉండడం తక్కువ. వాల్వ్ సెట్టింగు తప్పి ఉంటుంది, వాల్వ్ ముఖం కారుతూ ఉంటుంది, లేదా భాగాలు ఒక వరుసలో ఉండవు. అందుకే లోహం కోసే పనిని చిట్టచివరికి పెట్టుకోండి.

విప్పకముందే రెండు పరీక్షలు చేయాలి. మొదటిది చేత్తో తిప్పి చూడడం. పిస్టన్ రాడ్ చివర గైడు వెంట జారే ముక్క క్రాస్‌హెడ్, రాడ్ బయటికి వచ్చే చోట ఆవిరి కారకుండా ఆపేది గ్లాండు. క్రాస్‌హెడ్ గ్లాండు దగ్గరికి వచ్చినప్పుడే బిగుసుకుంటుంటే గైడు, పిస్టన్ రాడ్ ఒకే వరుసలో లేవని అర్థం. దూరంగా ఉన్నప్పుడు రాడ్ కొంచెం వంగి సర్దుకుంటుంది, దగ్గరికొస్తే దానికి ఆ వీలుండదు. కనెక్టింగ్ రాడ్‌ను క్రాంకు నుంచి విడదీశాక కూడా షాఫ్టు ఒక్క కోణంలోనే పట్టేస్తుంటే షాఫ్టు వంగింది. అన్ని కోణాల్లోనూ బరువుగా తిరుగుతుంటే బేరింగులు వరుస తప్పాయి.

రెండోది గాలి పరీక్ష. వాల్వ్‌ను సరిగ్గా మధ్యకు తెచ్చి, ఫ్లైవీల్ కదలకుండా ఆపి, వాల్వ్ ఉండే పెట్టె, అంటే స్టీమ్ చెస్ట్‌లోకి 1 బార్ గాలి వదలండి. అప్పుడు రెండు పోర్టులూ మూసుకుని ఉండాలి. ఎగ్జాస్ట్ నుంచి గాలి వస్తే వాల్వ్ ముఖం కారుతోంది. అది బాగుంటే క్రాంకును స్ట్రోకు మధ్యలో ఆపి మళ్లీ గాలి పెట్టండి. ఇప్పుడు ఎగ్జాస్ట్‌లో ఊదితే ఆ గాలి పిస్టన్‌ను దాటి వస్తున్నట్టే. గ్లాండుకు సబ్బు నీళ్లు చాలు. ఈ ఫలితాలు రాసుకుంటే విప్పాక ఏం వెతకాలో తెలుస్తుంది.

ఇక విప్పడం. ప్రతి దశలో ఫొటో తీసుకోండి, సిలిండర్ మూతలకూ వాటి అంచులకూ గుర్తులు పెట్టండి. తొంభై డిగ్రీలు తిప్పి బిగించినా మూత కూర్చుంటుంది, కానీ రాడ్ బెజ్జం మధ్యలో ఉండకపోవచ్చు. ఫ్లైవీల్‌ను పుల్లర్‌తోనే లాగండి. రిమ్ము మీద సుత్తి దెబ్బ పడితే పోత ఇనుప చువ్వ విరగడానికి ఒక్క క్షణం చాలు. పిస్టన్ తుప్పుతో పట్టేసి ఉంటే రాడ్ చివర కొట్టకండి, వంగేది రాడే. చొచ్చుకుపోయే నూనెలో కొన్ని రోజులు నానబెట్టి, రెండు మూతలూ తీసి, బోరుకు దగ్గరి సైజు చెక్క కడ్డీతో నెట్టండి. అయినా కదలకపోతే రెండు మూతలూ తిరిగి బిగించి, ఒకవైపు పోర్టు గుండా గ్రీజు గన్‌తో గ్రీజు ఎక్కించండి. ఆ వత్తిడి పిస్టన్ ముఖమంతా సమంగా పడుతుంది.

పాత గ్లాండు తాడులోనూ, పైపులకు చుట్టిన పూతలోనూ ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. తెల్లగా, పీచుగా కనిపిస్తే పొడిగా గోకవద్దు, ఊదవద్దు. తడిపి తీసి, మూటగట్టి పెట్టండి. కొత్తగా పెట్టడానికి గ్రాఫైట్ పట్టించిన పీటీఎఫ్‌ఈ తాడు బాగా పనిచేస్తుంది.

గన్‌మెటల్‌లో విరిగిన ఉక్కు స్టడ్‌ను (తల లేని మర కడ్డీని) డ్రిల్లుతో తవ్వక్కర్లేదు. ఆ భాగాన్ని చిక్కటి పటిక నీళ్లలో వేడిగా ఉంచితే ఉక్కు మెల్లగా కరిగిపోతుంది, గన్‌మెటల్ మిగులుతుంది. గంటలు పడుతుంది, ఓపిక ఉండాలి. పోత ఇనుముకు మాత్రం ఈ ఉపాయం వాడకూడదు, ఇనుమునూ తినేస్తుంది.

మరల విషయంలో ఒక హెచ్చరిక. పాత బ్రిటిష్ నమూనాల్లో బీఏ (బ్రిటిష్ అసోసియేషన్) కొలత మరలు ఎక్కువ. 2 బీఏ స్టడ్ వ్యాసం 4.7 మి.మీ., పిచ్, అంటే పక్కపక్క మర చుట్ల మధ్య దూరం, 0.81. మెట్రిక్ మర ఎం5 అయితే 5.0 మీద 0.8. పిచ్ దాదాపు ఒకటే కాబట్టి ఎం5 నట్టు 2 బీఏ స్టడ్ మీద హాయిగా ఎక్కుతుంది, కానీ పట్టు ఉండదు, బిగించగానే మర ఊడుతుంది. పిచ్ గేజ్‌తో పాటు మైక్రోమీటర్ కూడా పెట్టండి.

ఇప్పుడు కొలతలు. బోరును మూడు లోతుల్లో, ఒక్కోచోట రెండు దిక్కుల్లో కొలవండి. తేడా 0.03 మి.మీ. లోపు ఉంటే వదిలేయండి, పిస్టన్ చుట్టూ ఉండే ప్యాకింగ్ దాన్ని సర్దుకుంటుంది. ఎక్కువైతే అల్యూమినియం ల్యాపుతో (బోరులో రుద్ది నునుపు చేసే కడ్డీతో) సన్నని రాపిడి పేస్టు పెట్టి సరిచేయండి. బోరింగ్ బార్ అవసరం అరుదు.

కొత్త పిస్టన్ చేయాల్సి వస్తే ఏ లోహంతో అన్నది అసలు ప్రశ్న. 20 మి.మీ. పోత ఇనుప బోరు గది వేడి మీద 130 డిగ్రీలు ఎక్కితే సుమారు 0.03 మి.మీ. పెరుగుతుంది. గన్‌మెటల్ పిస్టన్ 0.05 దాకా, అల్యూమినియం 0.06 దాకా పెరుగుతాయి. చల్లగా ఉన్నప్పుడు 0.02 సందుతో ముచ్చటగా జారే గన్‌మెటల్ పిస్టన్ ఆవిరి తగలగానే బిగుసుకునేది ఇందుకే. ఇనుప సిలిండర్‌లో ఇనుప పిస్టన్‌కు ఈ బాధ లేదు. ఓ-రింగు పెట్టాలనుకుంటే వైటాన్ రకం తీసుకోండి, సాధారణ నైట్రైల్ రబ్బరు ఆవిరి వేడికి గట్టిపడుతుంది. గాడిలో నొక్కుడు రింగు మందంలో పదో వంతు దాటనివ్వకండి, రాపిడితోనే ఇంజను ఆగిపోతుంది.

పిస్టన్ రాడ్ మీద తుప్పు గుంటలు ఉంటే మార్చేయండి. గ్రైండు చేసిన స్టెయిన్‌లెస్ కడ్డీ మేలు, సిల్వర్ స్టీల్ అనే కార్బన్ ఉక్కు మళ్లీ తుప్పు పడుతుంది. చివర మర కోసేటప్పుడు డైని చేత్తో పట్టుకోకుండా లేత్ టెయిల్‌స్టాక్ హోల్డర్‌లో పెట్టండి. మర పక్కకు పోతే పిస్టన్ వాలుగా కూర్చుంటుంది, ఆ తర్వాత ఎంత సరిచేసినా ఫలితం ఉండదు.

కనెక్టింగ్ రాడ్ పెద్ద చివర ఇత్తడి ముక్కలు అరిగి చప్పుడు చేస్తుంటే కొత్తవి చేయనక్కర్లేదు. రెండు ముక్కల జాయింటు ముఖాల నుంచి 0.1 మి.మీ. చొప్పున ఆకురాయితో తీసి, తగరం టంకంతో అతికించి, బెజ్జాన్ని క్రాంకు పిన్ను సైజుకు గుండ్రంగా బోరు చేసి, వేడిచేసి విడదీయండి.

వాల్వ్ ముఖానికి మాత్రం తీరిగ్గా సమయం ఇవ్వండి, ఇంజను బలమంతా అక్కడే ఉంటుంది. మందపాటి గాజు పలక మీద 400 నంబరు తడి ఎమిరీ కాగితం పరిచి, ఎనిమిది అంకె ఆకారంలో రుద్దండి, తర్వాత 800. ప్రష్యన్ బ్లూ అనే నీలి రంగు పూసి పోర్టు ముఖం మీద పెట్టి చూస్తే పోర్టుల చుట్టూ తెగని గీతలా రంగు అంటాలి. గన్‌మెటల్ మీద కార్బోరండం పేస్టు వాడకండి. గింజలు లోహంలో నాటుకుపోయి ఎదుటి ముఖాన్ని తింటూనే ఉంటాయి.

ఇంత చేసినా కారే వాల్వులు ఉంటాయి. కారణం వాల్వ్‌ను స్పిండిల్‌కు, అంటే దాన్ని కదిలించే కడ్డీకి, పట్టి ఉంచే నట్టు. వాల్వ్ స్పిండిల్ వెంట ఊగకూడదు, కానీ ముఖానికి దగ్గరగా, దూరంగా స్వేచ్ఛగా కదలాలి. ఆవిరి వత్తిడే దాన్ని ముఖానికి అదుముతుంది. నట్టు గాడి అడుగుకు తగిలి వాల్వ్‌ను ఎత్తి పట్టుకుంటే మీరు చేసిన నునుపంతా వృథా.

ఇక వాల్వ్ సెట్టింగు. ముందు డెడ్ సెంటర్, అంటే పిస్టన్ ఒక చివరకు చేరి వెనుదిరిగే స్థానం, కచ్చితంగా కావాలి. కంటితో చూస్తే అయిదారు డిగ్రీలు తప్పుతాం, ఎందుకంటే అక్కడ క్రాస్‌హెడ్ దాదాపు కదలదు. దిమ్మెకు ఒక సూచి బిగించండి. డెడ్ సెంటర్‌కు ఇరవై డిగ్రీల ముందు క్రాస్‌హెడ్ ఎక్కడుందో గైడు మీద గీసి, ఫ్లైవీల్ అంచున సూచి ఎదురుగా గుర్తు పెట్టండి. అటు దాటించి క్రాస్‌హెడ్ మళ్లీ అదే గీతకు వచ్చినప్పుడు రెండో గుర్తు. రెంటికీ నడిమధ్యదే డెడ్ సెంటర్. రెండో చివరకూ ఇలాగే.

చెస్ట్ మూత తీసి రెండు డెడ్ సెంటర్ల వద్దా పోర్టు ఎంత తెరుచుకుందో ఫీలర్ గేజ్‌తో చూడండి. ఒకవైపు 0.3 మి.మీ. తెరుచుకుని, రెండోవైపు ఇంకా 0.1 మూసి ఉందనుకోండి. వాల్వ్‌ను స్పిండిల్ మీద 0.2 జరిపితే రెండువైపులా 0.1 అవుతుంది. 7 బీఏ స్పిండిల్ పిచ్ 0.48, చదరపు నట్టు పావు చుట్టు చొప్పున కదులుతుంది కాబట్టి ఒక్కో అడుగు 0.12. సమానం చేసేది నట్టు, సమయం మార్చేది షాఫ్టు మీద ఉండి వాల్వ్‌ను నడిపే ఎక్సెంట్రిక్. ఈ రెండు పనులూ కలిపేస్తే సాయంత్రం దాకా తిప్పుతూనే ఉంటారు. రెండువైపులా సమానమయ్యాకే ఎక్సెంట్రిక్ స్క్రూ వదులు చేయండి.

ఎక్సెంట్రిక్ ఎంత ముందుండాలి? పోర్టు వెడల్పు 2 మి.మీ., ల్యాప్ (మధ్యలో ఉన్నప్పుడు వాల్వ్ పోర్టు అంచు దాటి కప్పే మేర) 1, లీడ్ (డెడ్ సెంటర్ వద్ద పోర్టు తెరుచుకుని ఉండే మేర) 0.1 అయితే వాల్వ్ మధ్య నుంచి అటు 3, ఇటు 3 కదలాలి. అప్పుడు ఎక్సెంట్రిక్ క్రాంకు కన్నా 90 డిగ్రీల పైన మరో 21.5 డిగ్రీలు, అంటే తిరిగే దిశలో 111.5 డిగ్రీలు ముందుంటుంది. మధ్యలో దిశను తిప్పే రాకర్ ఉంటే ఈ లెక్క తలకిందులవుతుంది.

బిగించేటప్పుడు నూనె పట్టించిన 0.2 మి.మీ. కాగితం గ్యాస్కెట్ చాలు. ఆవిరి దారి బెజ్జాలు అందులో కోశారో లేదో చూసుకోండి, కొత్తగా బిగించిన ఇంజను ఒకవైపే తోయడానికి ఎక్కువగా ఇదే కారణం. పిస్టన్‌కూ మూతకూ మధ్య రెండు చివర్లా 0.8 మి.మీ. దాకా ఖాళీ ఉండాలి.

బాయిలర్ గురించి తక్కువే చెబుతాను, కానీ గట్టిగా. 5.5 బార్ వద్ద ఆవిరి వేడి దాదాపు 162 డిగ్రీలు. సాధారణ తగరం టంకం 183 దగ్గరే కరగడం మొదలవుతుంది. నీళ్లు తగ్గి రేకు వేడెక్కితే ఆ కాస్త తేడా నిమిషాల్లో పోతుంది. మీ బాయిలర్‌ను ఏ టంకంతో అతికారో తెలియకపోతే దానికి నిప్పు పెట్టకండి. పరీక్ష నీళ్లతోనే చేయాలి, గాలితో ఎన్నడూ కాదు. గాలి దాచుకున్న శక్తి పగిలినప్పుడు ముక్కలను విసురుతుంది. కొత్త బాయిలర్‌కు పని వత్తిడికి రెట్టింపు, తర్వాతి పరీక్షలకు ఒకటిన్నర రెట్లు అన్నది సాధారణంగా పాటించే పద్ధతి. సేఫ్టీ వాల్వ్, ప్రెజర్ గేజ్ విడిగా సరిచూసుకోవాలి.

మొదటి పరుగు గాలితోనే. ఒక బార్ లోపు వత్తిడి, నూనె ధారాళంగా, ఎందుకంటే గాలి పొడిగా ఉంటుంది. కీళ్లు సర్దుకుంటున్న కొద్దీ వత్తిడి తగ్గిస్తూ పోండి. అర బార్ లోపే నెమ్మదిగా తిరుగుతుంటే ఆవిరికి సిద్ధమైనట్టు. ఆవిరి పెట్టేటప్పుడు డ్రెయిన్ కాక్‌లు తెరిచి, చేత్తో తిప్పుతూ సిలిండర్‌ను వేడెక్కనివ్వండి. చల్లటి సిలిండర్‌లో ఆవిరి నీరవుతుంది, నీరు నలగదు, పిస్టన్‌కు ఎదురుపడితే మూత పగలడమో రాడ్ వంగడమో జరుగుతుంది. సిలిండర్‌కు స్టీమ్ ఆయిల్ వాడండి, మామూలు యంత్రం నూనె తడి ఆవిరికి కొట్టుకుపోతుంది. ఆపాక ఇంజను ఇంకా వేడిగా ఉండగానే నీళ్లన్నీ గాలితో ఊది, ఇన్‌లెట్‌లో నూనె వేసి నాలుగు చుట్లు తిప్పి, డ్రెయిన్లు తెరిచే ఉంచండి.