బ్యాలెన్స్‌లో కనిపించేదంతా మీ డబ్బేనా?

(స్క్రీన్ మీద: ఖాతా బ్యాలెన్స్ 40,000)

జీతం పడ్డ రోజు యాప్ తెరవగానే కనిపించే ఈ అంకె ఉంది చూశారా, ఇదంతా మీది కాదు. ఇందులో అద్దె ఉంది, లోన్ వాయిదా ఉంది, కరెంటు బిల్లు ఉంది, ఏడాదికోసారి కట్టే బీమా ప్రీమియంలో పన్నెండో వంతు కూడా ఉంది, కాకపోతే దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అవన్నీ పోగా మిగిలేది ఏ 12,000 రూపాయలో అయితే, మనం 40,000 చూసుకుని ఖర్చు పెడతాం. ఇరవయ్యో తారీఖు టెన్షన్ అక్కడ మొదలవుతుంది.

(స్క్రీన్ మీద: ఖాతా రెండుగా విడిపోతుంది)

అందుకే ఖాతాలు రెండు పెట్టుకోండి. ఒకదాంట్లో జీతం పడాలి, బిల్లులన్నీ అందులోంచే ఆటో డెబిట్‌లో పోవాలి, దాని కార్డు బీరువాలో ఉండాలి. రెండోది చేతి ఖర్చులకు, దాంట్లోకి ఏ వారానికి ఆ వారం కొంత పంపుకోండి. నెల మొత్తానిదీ ఒకేసారి పంపితే మళ్లీ మొదటికే వస్తుంది. రెండో ఖాతా తెరిచే ముందు మాత్రం మినిమమ్ బ్యాలెన్స్ ఎంతో, తగ్గితే ఎంత కోస్తారో అడగండి.

పొదుపు కూడా ఆటోమేటిక్‌గా పోవాలి, నెలాఖరున మిగిలితే దాద్దామంటే ఏమీ మిగలదు. కానీ ఆ తేదీని సరిగ్గా జీతం రోజుకే పెట్టకండి, జీతం ఒక్కరోజు ఆలస్యమైనా డెబిట్ ఫెయిలై, పైగా ఛార్జీ పడొచ్చు. రెండు మూడు రోజులు తర్వాత పెడితే సరి.

ముందు కూడబెట్టాల్సింది అత్యవసర నిధి. 3 నుంచి 6 నెలల ఖర్చులకు సరిపడా ఉండాలి (జీతానికి కాదండీ, ఖర్చులకు). ఒక నెలది సేవింగ్స్‌లో ఉంచి, మిగతాది ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయండి, అదీ ఒకటే పెద్దది కాకుండా. 60,000 ఉంటే 20,000 చొప్పున మూడు వేయండి, అవసరం పడితే ఒకటే విరగ్గొడతారు, మధ్యలో తీసినందుకు కోసే వడ్డీ దాని మీదే పడుతుంది, మిగతా రెండూ కదలవు.

ఇంట్లో నోట్లు? సర్వర్ మొరాయించిన రోజు గడవడానికి సరిపోయేంత చాలు.

(స్క్రీన్ మీద: 72 ÷ రేటు = ఏళ్లు)

ఈ లెక్క 1494 నాటికే లూకా పాచియోలీ అనే ఇటలీ గణితవేత్త రాసి పెట్టాడు. 72ని వడ్డీ రేటుతో భాగిస్తే డబ్బు దాదాపు ఎన్నేళ్లలో రెట్టింపవుతుందో వస్తుంది. 6 శాతమైతే 12 ఏళ్లు. ధరలు కూడా ఏటా 6 శాతం పెరుగుతుంటే, బీరువాలో దాచిన నోటు విలువ అదే 12 ఏళ్లలో సగమైపోతుంది.

ఇప్పుడు క్రెడిట్ కార్డు చూడండి. నెలకు 3 శాతం వడ్డీ అనుకుంటే, ఏమీ కట్టని బాకీ 24 నెలల్లో రెట్టింపు. మినిమమ్ డ్యూ, అంటే కనీసం ఇంతైనా కట్టమని బిల్లులో అడిగే మొత్తం, కట్టేస్తే పెనాల్టీ తప్పుతుందేమో గానీ మిగతా బాకీ మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది, చాలా కార్డుల్లో కొత్తగా కొన్నవాటికి కూడా వడ్డీ లేని గడువు పోతుంది. కార్డు బాకీ పెట్టుకుని తక్కువ వడ్డీ డిపాజిట్లు వేసేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది, ఒక నెల ఖర్చుకు సరిపడా ఉంచుకుని ముందు ఆ బాకీ తీర్చేయండి.

నెలకోసారి స్టేట్‌మెంట్ మొత్తం కిందిదాకా చదవండి, మీరు వాడని సబ్‌స్క్రిప్షన్లు అక్కడే దొరుకుతాయి. తెలియని డెబిట్ చిన్నదైనా సరే, అదే రోజు బ్యాంకుకు చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకోండి, ఆలస్యం చేసిన కొద్దీ ఆ డబ్బు తిరిగి రాబట్టుకోవడం కష్టం.