5 వాట్లు ఏ మూలకు అంటారా? ముందు చెరువులో నీరెంతుందో చూడండి

[తెర మీద: అరచేతిలో ఇమిడే రేడియో సెట్టు, పక్కన 12 వోల్టుల బ్యాటరీ]

నమస్కారం. "5 వాట్లా? అవి ఏ మూలకు?" హ్యామ్ రేడియో, అంటే సరదాగా సొంత సెట్టుతో దూరదేశాలతో మాట్లాడే అభిరుచి, దాని లైసెన్సు చేతికి రాగానే 100 వాట్ల సెట్టు కోసం అప్పుకు సిద్ధపడే ప్రతి కుర్రవాడూ ఇదే మాట అంటాడు. తిరుపతిలో విన్నాను, చిత్తూరులో విన్నాను. తెలిసిన పెద్దలు కూడా ఆ మాటకే తలాడించి పంపడం నాకు మరీ చికాకు. అందుకే ముందు వాట్ల లెక్క తేల్చేద్దాం.

100 వాట్లు 5 వాట్లకు 20 రెట్లు. వినడానికి చాలా పెద్ద తేడా. డెసిబెల్స్‌లో చెబితే 13. సంకేతం బలం చూపే అవతలివారి ఎస్ మీటరు మీద ఒక్కో అంకెకూ 6 డెసిబెల్స్. అంటే 100 వాట్లకు ముల్లు 7 మీద నిలిస్తే, 5 వాట్లకు 5 కంటే కాస్త కిందికి దిగుతుంది. అంతే! చుట్టూ రొద లేకపోతే ఆ బలంతో వచ్చే మోర్స్ (చుక్కలు, గీతల) సంకేతాలను హాయిగా రాసుకోవచ్చు. ఇక ఆకాశం దారి ఇవ్వని రోజున 100 వాట్లు పెట్టినా అవతల వినిపించేది గరగర శబ్దమే.

ఆ దారి ఎలా ఏర్పడుతుందో చూద్దాం. చెరువు గట్టు మీద నిలబడి చిల్లపెంకు విసరని వారు మన జిల్లాలో ఉండరు. నిటారుగా వేస్తే బుడుంగున మునుగుతుంది. వంగి, నీటికి దాదాపు సమాంతరంగా విసిరితే గంతులు వేస్తూ అవతలి గట్టు దాకా పోతుంది. ఇప్పుడు ఆ చెరువును తలకిందులు చేసి మన నెత్తిన పెట్టండి. అదే ఐనోస్ఫియర్, పై వాతావరణంలోని విద్యుదావేశ పొరల సముదాయం. దానిలో మనకు ముఖ్యమైనది ఎఫ్ పొర. సుమారు 200 నుంచి 400 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. తరంగం ఏటవాలుగా తాకితే వంగి కిందికి వస్తుంది, నిటారుగా తాకితే చీల్చుకుని అంతరిక్షంలోకి పోతుంది. ఒక్క గంతు దాదాపు 4,000 కిలోమీటర్ల దాకా సాగుతుంది. టోక్యో మనకు సుమారు 6,500 కిలోమీటర్లు. రెండు గంతులు చాలు.

28 మెగాహెర్ట్జ్ మీద టోక్యో వినిపించి మదనపల్లె వినిపించకపోవడానికి కారణం కూడా ఇదే. మదనపల్లెలో దిగాలంటే తరంగం దాదాపు నిటారుగా పైకి వెళ్లి రావాలి. ఆ ఫ్రీక్వెన్సీలో అది మునిగిపోతుంది. దగ్గరి ఊరు అందలేదని సెట్టు విప్పి చూసేవారికి నా విన్నపం ఒకటే: సెట్టును వదిలేయండి, దాని తప్పేమీ లేదు.

ఫ్రీక్వెన్సీ పెంచేకొద్దీ మునగడం సులువవుతుంది. దీనికి ఉదాహరణ మన పక్కనే ఉంది.

[తెర మీద: తిరుపతి, చిత్తూరు, మధ్యలో గాదంకి చూపే పటం]

గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల రాడార్ 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. వెయ్యికి పైగా యాగీ యాంటెనాలు. దాని తొలి రూపంలో గరిష్ఠ శక్తి 25 లక్షల వాట్లు! అంత శక్తితో పైకి పంపినా, ఆ ఫ్రీక్వెన్సీలో నిటారుగా వెళ్లిన తరంగం ఎఫ్ పొరను దాటిపోతుంది. పైన ఎక్కడైనా అలజడి ఉంటే అక్కడి నుంచి చెదిరి వచ్చే సన్నని ప్రతిధ్వనిని శాస్త్రవేత్తలు పట్టుకుంటారు. వాట్లు పోసి నీటిని పుట్టించలేము. ఆ దారిలో వెళ్లే ప్రతిసారీ నాకు ఇదే గుర్తుకొస్తుంది.

మరి చెరువు నింపేది ఎవరు? సూర్యుడు. అతి నీలలోహిత కిరణాలు పై పొరల్లోని అణువుల నుంచి ఎలక్ట్రాన్లను విడగొడతాయి. ఆ ఎలక్ట్రాన్లే మన నీరు. సూర్యుడి మీద మచ్చలు పెరిగినప్పుడు ఈ కిరణాలూ పెరుగుతాయి, చెరువు నిండుతుంది. సుమారు 11 ఏళ్లకు ఒక చక్రం. ఇప్పటి 25వ చక్రం 2019 డిసెంబరులో మొదలైంది. శిఖర దశకు చేరామని 2024 అక్టోబరులో నాసా, అమెరికా వాతావరణ సంస్థ నోవా ప్రకటించాయి.

నీటిమట్టం చూసుకోవడానికి కొలబద్ద సౌర ఫ్లక్స్. సూర్యుడి నుంచి 10.7 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యంలో వచ్చే రేడియో శక్తిని కెనడాలోని పెంటిక్టన్‌లో రోజూ కొలుస్తారు. 70 దగ్గర ఉంటే చెరువు అడుగంటినట్టే. 28 మెగాహెర్ట్జ్ చాలా రోజులు మూగబోతుంది, 14కు దిగాలి. 200 దాటితే పొద్దున జపాన్, సాయంత్రం ఐరోపా, 5 వాట్లకే పలుకుతాయి.

సూర్యుడు ఎంత రెచ్చిపోతే మనకు అంత లాభం అనుకోవద్దు. సౌర జ్వాల ఎగసిన 8 నిమిషాలకు దాని ఎక్స్ కిరణాలు మనల్ని తాకుతాయి. 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో ఉండే డి పొర ఒక్కసారిగా చిక్కబడుతుంది. చెరువంతా గుర్రపుడెక్క కమ్మేసినట్టు. నీరు కింద నిండుగానే ఉన్నా పెంకు ఆ ఆకుల్లో చిక్కుకుపోతుంది. పగలు ఉన్న సగం భూగోళమంతా ఇదే పరిస్థితి. తక్కువ ఫ్రీక్వెన్సీలకే దెబ్బ ఎక్కువ, కాబట్టి ఇంకా ఎక్కువ ఫ్రీక్వెన్సీకి మారండి, లేదా కాసేపు ఆగండి. జ్వాల తగ్గాక దారి మళ్లీ తెరుచుకుంటుంది.

సూర్యుడు ప్లాస్మా మేఘాన్ని విసిరితే అది వేరే కథ. ఒకటి నుంచి మూడు రోజులకు ఇక్కడికి చేరుతుంది. భూ అయస్కాంత తుపాను వస్తుంది. అప్పుడు చెరువుకు గండి పడినట్టే, నీరే తగ్గిపోతుంది. 2024 మే 10, 11 తేదీల తుపాను అలాంటిదే. లడఖ్‌లోని హాన్లేలో ఎర్రటి ధ్రువకాంతి కనిపించింది. తుపాను బలం చెప్పేది కె సూచిక. 0 నుంచి 9 దాకా ఉంటుంది, 5 వస్తే తుపానే. ఈ సూర్యుడిని కనిపెట్టి ఉండే మన ఆదిత్య-ఎల్1, 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచే బయలుదేరింది. శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలోనే ఉంది. ఇక్కడి పిల్లలకు ఇది చెప్పకపోవడం అన్యాయం.

సమయం అయిపోతోంది, మిగిలినవి గబగబా చెబుతాను. పొద్దుగూకాక మనలా భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నవారికి ఎఫ్ పొరలో బుడగలు లేస్తాయి. మార్చి, సెప్టెంబరు నెలల చుట్టూ ఇది ఎక్కువ. సంకేతం వణుకుతూ వస్తే సెట్టును అనుమానించవద్దు.

[తెర మీద: మిద్దె మీద యాంటెనా, దగ్గరగా]

యాంటెనాకు ఇంటి వైరింగు తీగ చాలు. 28 మెగాహెర్ట్జ్‌కు అటు రెండున్నర మీటర్లు, ఇటు రెండున్నర మీటర్లు. మధ్యలో పీవీసీ ముక్క. ఒక కొసను నీళ్ల ట్యాంకు స్తంభానికి, రెండో కొసను కొబ్బరి చెట్టుకు నైలాన్ తాడుతో కట్టాను. ఎత్తు పెరిగితే తరంగం తక్కువ కోణంలో బయలుదేరుతుంది, గంతు పొడవవుతుంది. వాట్ల మీద పెట్టే డబ్బు ఎత్తు మీద పెట్టండి. శేషాచలం పాదాన ఇల్లుంటే ఉత్తరం, వాయవ్యం వైపు కొండ అడ్డు. ఐరోపా ఆ వైపే కాబట్టి సెట్టు, బ్యాటరీ తీసుకుని ఊరి బయటి మైదానానికి వెళ్లండి.

సెట్టు సొంతంగా చేసుకోవాలంటే హైదరాబాద్‌కు చెందిన అషర్ ఫర్హాన్ రూపొందించిన బిట్‌ఎక్స్ సర్క్యూట్ చూడండి. మన దుకాణాల్లో దొరికే విడిభాగాలతో చేయడానికే దాన్ని తయారుచేశారు. దారి తెరిచి ఉందో లేదో పరీక్షించడానికి నోబెల్ గ్రహీత జో టేలర్ రాసిన విస్పర్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం ఉంది. వాటులో అయిదో వంతు శక్తితో రెండు నిమిషాల సంకేతం పంపితే, ఎక్కడెక్కడ వినబడిందో పటం మీద కనిపిస్తుంది.

రేపు పొద్దున ఫ్లక్స్ 130 పైన, కె సూచిక 3 లోపు ఉంటే రిసీవరును 28.060 మెగాహెర్ట్జ్ మీద పెట్టి ముందు వినండి. ఎవరైనా వినిపిస్తే, లైసెన్సు ఉన్నవారు ఆ 5 వాట్లతోనే పిలవండి.