పొడపత్రి నిజంగా షుగర్ తగ్గిస్తుందా? అసలు ఎలా తేలుస్తారు?

(స్క్రీన్ మీద: పచ్చి పొడపత్రి ఆకులు, చెంచాలో పంచదార)

హాయ్ అండీ, విజయవాడ నుంచి. పొద్దున్నే రాజీవ్ గాంధీ పార్క్‌లో వాకింగ్ చేసే బాబాయిల పక్కన కాసేపు నిలబడండి చాలు, "పొడపత్రి వాడవయ్యా, షుగర్ దిగిపోద్ది" అని ఎవరో ఒకరు అంటానే ఉంటారు. సరే, దిగుద్దో లేదో ఎలా తెలుస్తుంది, ఇవాళ అదే.

ముందు ఇది చూడండి. (ఆకు నములుతూ) చేదు, కాస్త వగరు... నమిలి ఉమ్మేశా, ఇప్పుడు పంచదార వేసుకుంటున్నా. అబ్బే, ఏం లేదు! ఇసక నమిలినట్టుంది. ఆకులో జిమ్నెమిక్ ఆసిడ్లుంటాయి, అవి నాలిక మీద తీపిని పట్టే రిసెప్టర్లకి అతుక్కుపోతాయి, కాసేపాగితే మళ్ళీ మామూలే. చాలామంది ఇక్కడే ఫిక్స్ అయిపోతారండీ, నోట్లో తీపి పోయిందిగా, ఇక రక్తంలో షుగర్ కూడా పోయినట్టే అని. నేనిప్పుడు మింగిన పంచదార మాత్రం ఎంచక్కా రక్తంలోకి పోతానే ఉంది!

మరి ల్యాబ్‌లో ఏం చేస్తారంటే, ఎథిక్స్ కమిటీ పర్మిషన్ తీసుకుని ఎలకలకి స్ట్రెప్టోజోటోసిన్ అనే మందు ఇంజెక్షన్ ఇస్తారు, అది పాంక్రియాస్‌లో ఇన్సులిన్ చేసే బీటా కణాల్ని దెబ్బతీస్తుంది, రెండు మూడు రోజులకి తోక చివర చుక్క రక్తం తీసి షుగర్ బాగా పెరిగినవాటినే ఏరుకుంటారు. తర్వాత గ్రూపులు. ఒకదానికి ఏ మందూ ఉండదు, ఒకదానికి గ్లిబెన్‌క్లమైడ్ లాంటి తెలిసిన మాత్ర, మిగతావాటికి ఆకు ఎక్స్‌ట్రాక్ట్, అంటే ఆకు నుంచి తీసిన సారం, తక్కువ డోసు ఎక్కువ డోసు. మందివ్వని గ్రూపు ఎందుకూ అంటారా, వాటికి కూడా షుగర్ కొంచెం అటూ ఇటూ ఊగుద్ది, అది పక్కన లేకపోతే తగ్గింది ఆకు వల్లో ఊరికేనో ఎవడు చెప్పాలి?

ఇప్పుడు అసలు తిరకాసు. రీసెర్చ్ పేపర్లో "కిలో ఒంటి బరువుకి 400 మిల్లీగ్రాములు" అని ఉంటది. మనిషి 60 కిలోలు కాబట్టి 24 గ్రాములు అని లెక్కేయకూడదు, ఒంటి సైజు తేడాని బట్టి ఎలక డోసుని సుమారు 6.2తో భాగిస్తారు, అంటే మనిషికి దాదాపు 4 గ్రాములు. తక్కువేగా అనిపిస్తుంది, కానీ అది ఎక్స్‌ట్రాక్ట్ అండీ, పొడి కాదు! వంద గ్రాముల ఎండు ఆకు నుంచి పది గ్రాములు దిగిందనుకుందాం, అప్పుడు రోజుకి 40 గ్రాముల ఆకు. పొద్దున్నే అర చెంచా పొడి వేసుకునే బాబాయ్ ఆ ఎలక రిజల్ట్ చూపిస్తే ఎలా?

మనుషుల మీద కూడా చూశారు, 1990లో మద్రాసు నుంచి వచ్చిన పేపరుంది. 22 మంది టైప్ 2 షుగర్ వాళ్ళకి వాడే మాత్రలతో పాటు రోజుకి 400 మిల్లీగ్రాముల ఎక్స్‌ట్రాక్ట్, 18 నుంచి 20 నెలలు. అందులో 5 మంది మాత్రలు ఆపేయగలిగారు. బాగుంది, నాకూ ఆశగానే ఉంది. కాకపోతే ఎవరికి ఏమిస్తున్నారో తెలియకుండా లాటరీ తీసినట్టు పంచి చేసిన ట్రయల్ కాదది, పైగా 22 మందే. మొక్క మందని చిన్నచూపేం లేదు లెండి, షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర కథ మొదలైంది కూడా యూరప్‌లోని గలీగా అనే మొక్క దగ్గరే, 1957లో పారిస్‌లో మనుషుల మీద వాడి రిపోర్ట్ రాశారు.

ఇంట్లో గ్లూకోమీటర్‌తో నిన్న 180, ఇవాళ 150 అని చూసి మురిసిపోవద్దు, రాత్రి తిండి మారినా నిద్ర మారినా అంత తేడా వస్తది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చూడండి.

ఇంకోటి, ఇది సీరియస్. గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్ర వాడుతూనో ఇన్సులిన్ చేసుకుంటూనో పొడపత్రి కూడా కలిపితే షుగర్ 70 కిందకి పడిపోవచ్చు, చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం. అలా అయితే వెంటనే గ్లూకోజ్ నీళ్ళు తాగించండి, స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి. ఇప్పటికే వాడుతున్నవాళ్ళు ఈసారి డాక్టర్ దగ్గరికెళ్ళేటప్పుడు ఆ డబ్బా కూడా సంచిలో వేసుకెళ్ళండి.