పాచికల మీద 1945 బేస్‌బాల్

శ్రోతలకు నమస్కారం.

1945లో అమెరికాలో సెయింట్ లూయిస్ బ్రౌన్స్ అనే బేస్‌బాల్ జట్టులో పీట్ గ్రే అని ఒక ఆటగాడు ఉండేవాడు. ఆరేళ్ళ వయసులో బండి మీంచి పడి కుడిచెయ్యి పోగొట్టుకున్నాడు. బ్యాటు పట్టినా, బంతి పట్టినా, విసిరినా ఆ ఎడమచేత్తోనే. బౌండరీ దగ్గర నిలబడి బంతి పట్టగానే గ్లవ్‌ని కుడిభుజం మొండికీ ఛాతీకీ మధ్య ఇరికించేవాడు, బంతి గుండె మీదుగా జారేది, అప్పటికి ఖాళీ అయిన చేత్తో దాన్ని అందుకుని విసిరేసేవాడు. చెప్పడానికి ఇంతసేపు పట్టింది గానీ, ఆయన చేస్తుంటే రెప్పపాటు పని. ఆ ఏడు 77 ఆటలు ఆడాడు. 234 సార్లు బ్యాటు పట్టి 51 హిట్లు కొట్టాడు, అంటే అన్నిసార్లు బంతి కొట్టి బేసు అనే మజిలీకి క్షేమంగా చేరాడు. 234లో 51, అంటే సగటు .218, అంత గొప్పదేం కాదు. కానీ ఏడాది మొత్తంలో స్ట్రైకవుట్, అంటే బంతి కొట్టలేక అవుట్, అయింది 11 సార్లే. రెండు చేతులున్నవాళ్ళలో ఎంతమందికి ఆ లెక్క ఉంది?

ఆ పీట్ గ్రే ఈనాటికీ ఆడుతున్నాడు. అట్టముక్క రూపంలో.

మన చిన్నప్పటి బుక్ క్రికెట్ గుర్తుందా? సోషల్ పుస్తకం టపీమని తెరవడం, పేజీ నంబరు చివరి అంకె చూడటం, నాలుగైతే ఫోర్, సున్నా అయితే అవుట్. అమెరికాలో అదే సరదాని కొందరు లెక్కల శాస్త్రంగా మార్చారు. 1951లో ఆప్బా, 1961లో స్ట్రాటోమాటిక్ అనే ఆటలు మార్కెట్లోకి వచ్చాయి. రెండో దాని సంగతి చెబుతాను. ప్రతి ఆటగాడికీ ఒక కార్డు. ఆ సంవత్సరం నిజంగా ఎన్ని హిట్లు కొట్టాడు, ఎన్ని హోమ్‌రన్లు (మన సిక్సర్లాంటివి), ఎన్నిసార్లు అవుటయ్యాడు అన్నదాన్ని బట్టి కార్డు మీద ఫలితాలు అచ్చేసి ఉంటాయి. మూడు పాచికలు వేస్తారు. ఒక పాచిక మీద ఒకటి, రెండు, మూడు పడితే బ్యాటరు కార్డు చూడాలి. నాలుగు, అయిదు, ఆరు పడితే పిచ్చరు కార్డు, అంటే బంతి విసిరేవాడిది. మిగతా రెండు పాచికల మొత్తం ఎంతో చూసి ఆ వరసలో ఏముంటే అది జరిగినట్టు. ఏడు పడే అవకాశం ముప్ఫయ్యారింట ఆరు, పన్నెండు పడే అవకాశం ముప్ఫయ్యారింట ఒకటే. అందుకని తరచూ జరిగేది ఏడు పక్కన ఉంటుంది, ఎప్పుడో గానీ జరగనిది రెండు పక్కనో పన్నెండు పక్కనో ఉంటుంది. ఇంత చిన్న కిటుకుతో ఏడాది పొడుగునా ఆడితే బ్యాటరు సగటు అసలు సగటుకి దగ్గర్లోకి వచ్చేస్తుంది.

కంప్యూటర్లు వచ్చాక పాచికల పని అవి చేసిపెడుతున్నాయి. 2020లో కోవిడ్ వల్ల అసలు మైదానాలు మూతపడితే, స్ట్రాటోమాటిక్ కంపెనీ ఆ ఏడాది ఆటల్ని కంప్యూటరు మీదే రోజూ ఆడించి స్కోర్లు ప్రకటించింది. జనం వాటినీ చూశారు!

రేడియో వాళ్ళం కదా, మనకి ఇందులో ఆశ్చర్యపోవడానికేమీ లేదు. 1930లలో అమెరికన్ రేడియో కేంద్రాల్లో చాలామంది వ్యాఖ్యాతలు మైదానం మొహం చూడకుండానే వ్యాఖ్యానం చెప్పేవారు. టెలిగ్రాఫ్‌లో రెండు ముక్కలొస్తే దానికి జనం కేకలూ బ్యాటు చప్పుడూ కలిపి స్టూడియోలోనే ఆట సృష్టించేవారు. అలా చెప్పినవాళ్ళలో ఒకాయన తరవాత దేశాధ్యక్షుడయ్యాడు, రొనాల్డ్ రీగన్. ఒకసారి తీగ తెగిపోతే, మళ్ళీ కలిసేదాకా బ్యాటరు చేత వరసగా ఫౌల్ బంతులు (గీత బయటికి పోయే దెబ్బలు) కొట్టించానని ఆయనే చెప్పుకునేవాడు.

సరే, ఈ కార్డులతో మిత్రులు లీగులు పెట్టుకుంటారు. తలా ఒక జట్టుకి మేనేజరు. పాత సంవత్సరం ఒకటి ఎంచుకుని, ఆనాటి షెడ్యూలు ప్రకారం మొత్తం మళ్ళీ ఆడతారు. యుద్ధకాలంలో పదహారు జట్లు, ఒక్కోదానికి 154 ఆటలు. మొత్తం 1,232. ఒక్కడే కూర్చుని రోజుకొకటి చొప్పున ఆడితే మూడేళ్ళు దాటుతుంది. అమెరికాకి రెండో ప్రపంచయుద్ధం కూడా అంతకంటే కొద్ది నెలలే ఎక్కువ పట్టింది.

ఇన్ని సంవత్సరాలుండగా యుద్ధకాలమే ఎందుకంటారా? అప్పటి జట్లంత చిత్రమైన జట్లు మళ్ళీ లేవు గనక.

1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగింది. ఆట ఆపెయ్యాలా అని బేస్‌బాల్ కమిషనర్ లాండిస్ ప్రెసిడెంటు రూజ్‌వెల్ట్‌ని అడిగాడు. 1942 జనవరి 15న జవాబొచ్చింది: ఆట సాగడమే దేశానికి మంచిది, అయితే ఆటగాళ్ళకి ఏ మినహాయింపూ ఉండదు, సైన్యంలో చేరాల్సిన వయసువాళ్ళు చేరాల్సిందే. అయిదువందల మందికి పైగా మేజర్ లీగ్ (అమెరికాలో అన్నిటికంటే పై స్థాయి పోటీ) ఆటగాళ్ళు యూనిఫాం వేసుకున్నారు. అంతకుముందు ఏడాదే .406 సగటు సాధించిన టెడ్ విలియమ్స్, వరసగా 56 ఆటల్లో హిట్ కొట్టిన జో డిమాజియో, ఇద్దరూ 1943 నుంచి మూడు సీజన్లు లేరు. బాబ్ ఫెల్లర్ అనే మహా వేగం పిచ్చరు యుద్ధనౌక మీద ఫిరంగుల దగ్గరికి వెళ్ళాడు.

వాళ్ళ చోట్లలోకి ఎవరొచ్చారు? ఒంటిచేతి గ్రే వచ్చాడు. 1944 జూన్ 10న సిన్సినాటి జట్టు తరఫున జో నక్స్‌హాల్ అనే కుర్రాడు బంతి వేశాడు, వయసు పదిహేనేళ్ళ పది నెలలు. ఎదురుగా ఉన్నది సెయింట్ లూయిస్ కార్డినల్స్, ఆ ఏడు ప్రపంచ విజేతలు. ఇద్దర్ని అవుట్ చేశాడు, ఆ తరవాత కాళ్ళు వణికాయి. అయిదు పరుగులిచ్చాక మేనేజరు పిలిచేశాడు. ఆ ఆట 18–0తో కార్డినల్స్‌దే. పాపం, మళ్ళీ మేజర్ లీగ్‌లో అడుగుపెట్టడానికి ఎనిమిదేళ్ళు పట్టింది, కానీ పెట్టాడు.

మలయా జపాన్ చేతికి పోయాక రబ్బరు దొరక్క, 1943లో బంతి గుండెలో బలాటా అనే చెట్టుపాలు గట్టిపరిచి పెట్టారు. బంతి ఎంత బాదినా ఎగిరేది కాదు. కొన్ని వారాల్లోనే దాన్ని మార్చక తప్పలేదు. రైళ్ళు సైన్యానికి కావాలి గనక వేసవికి ముందు సాధనకి ఫ్లోరిడా వెళ్ళొద్దన్నారు, జట్లు ఉత్తరాదిన చలిలోనే ఒళ్ళు వేడెక్కించుకున్నాయి. ఎప్పుడూ అట్టడుగున ఉండే బ్రౌన్స్ 1944లో, ఉన్న రెండు లీగుల్లో తమదైన అమెరికన్ లీగ్ గెలిచేశారు, వాళ్ళ చరిత్రలో అదొక్కటే. ఫైనల్స్‌లో ఎదురైంది అదే ఊరి కార్డినల్స్, మైదానం కూడా ఇద్దరిదీ ఒకటే. ఒక జట్టు ఊళ్ళో ఉంటే రెండోది బయట ఉండేది కాబట్టి సీజనంతా మేనేజర్లిద్దరూ ఒకే అపార్ట్‌మెంటు వాడుకున్నారట.

అలాంటివి మన దగ్గరా జరిగాయి. 1945 రంజీ ఫైనల్లో మన సి.కె. నాయుడు నాయకత్వంలోని హోల్కర్ జట్టుకి ఇంగ్లండు క్రికెటర్ డెనిస్ కాంప్టన్ ఆడాడు. మౌ సైనిక శిబిరంలో ఉద్యోగం మరి! బొంబాయి మీద 249 నాటౌట్ కొట్టాడు. అయినా బొంబాయే గెలిచింది.

ఇక అసలు చిక్కు. కార్డుకి తెలిసింది ఆ ఒక్క ఏడాది అంకెలే. అవి ఎవరి మీద సాధించినవో దానికి పట్టదు. న్యూయార్క్ యాంకీస్‌లో స్నఫీ స్టర్న్‌వైస్ 1945లో .309 సగటుతో అమెరికన్ లీగ్ బ్యాటింగ్ కిరీటం గెలిచాడు, రెండో వాడి మీద వెంట్రుకవాసి తేడాతో. మరుసటి ఏడు సైనికులు తిరిగొచ్చారు, ఆయన సగటు .251కి పడింది. అదే డెట్రాయిట్ పిచ్చరు హాల్ న్యూహౌజర్‌ని చూడండి. 1944లో 29 ఆటలు, 1945లో 25 ఆటలు గెలిస్తే, ‘ఖాళీ పొలంలో దున్నాడు’ అన్నట్టు మాట్లాడారు. 1946లో విలియమ్స్, డిమాజియో అందరూ వచ్చాక కూడా 26 గెలిచాడు. 1945 నాటి కార్డులు రెండూ పక్కపక్కన పెడితే వీళ్ళలో ఎవరిది గట్టి అంకో, ఎవరిది యుద్ధం పెట్టిన భిక్షో చెప్పలేరు. అందుకే 1945 జట్టుని తెచ్చి 1941 జట్టుతో ఆడించడం నాకు నచ్చదు. యుద్ధకాలం జట్లు యుద్ధకాలం జట్లతోనే ఆడాలి.

మరి విలియమ్స్‌కి ఊహా కార్డు తయారుచేసి 1944లో ఆడిద్దామంటే? జీవితకాలంలో 521 హోమ్‌రన్లు కొట్టినవాడు, ఆ మూడేళ్ళూ ఉంటే ఇంకెన్ని కొట్టేవాడో అని నోరూరుతుంది, నిజమే. కానీ నా ఓటు వద్దనే. ఆయన నౌకాదళంలో విమానాలు నడుపుతున్నాడు. ఆయన లేకపోవడమే ఆ సీజన్. ఆయన్ని తెచ్చి కూర్చోబెడితే పీట్ గ్రేకీ నక్స్‌హాల్‌కీ చోటెక్కడ?

ఇదే సూత్రం మరొకరి విషయంలో మాత్రం ఒప్పుకోను.

1945 వాషింగ్టన్ సెనేటర్స్ సంగతి చెప్పాలి. పిచ్చర్లలో నలుగురు నకుల్‌బాల్ వాళ్ళు. బంతిని వేళ్ళ కొసలతో పట్టి, తిరగకుండా వదిలితే అది గాలిలో తాగినవాడిలా వంకర్లు పోతుంది. ఆగస్టు 4న బర్ట్ షెపర్డ్ చేత బంతి వేయించారు. జర్మనీ మీద విమానం కూలి ఒక కాలు పోయిన పైలట్ ఆయన. కృత్రిమ కాలితో, ఆటకుండే తొమ్మిది ఇన్నింగ్స్‌లో అయిదు దాటి వేసి ఒకే పరుగిచ్చాడు. ఆ తరవాత మళ్ళీ ఆయనకి అవకాశం రాలేదు. ఇక బ్యాటింగా? సొంత మైదానం గ్రిఫిత్ స్టేడియంలో ఏడాదంతా కలిపి ఆ జట్టు కొట్టింది ఒకే ఒక్క హోమ్‌రన్. అది కూడా గోడ దాటలేదు, బంతి లోపలే ఉండగా పరుగెత్తి సాధించింది. ఇన్ని తిప్పలతోనూ డెట్రాయిట్‌కి ఒకటిన్నర ఆటల తేడాలో రెండో స్థానంలో నిలిచారు. పైగా స్టేడియం ఫుట్‌బాల్ జట్టుకి అద్దెకిచ్చేశారని వారం ముందే సీజన్ ముగించుకుని కూర్చున్నారు. చివరిరోజున డెట్రాయిట్‌కి యుద్ధం నుంచి తిరిగొచ్చిన హాంక్ గ్రీన్‌బర్గ్ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో, బేసులన్నీ నిండి ఉండగా హోమ్‌రన్ కొట్టి తగాదా తేల్చేశాడు.

అదే గ్రిఫిత్ స్టేడియంలో అవే సంవత్సరాల్లో హోమ్‌స్టెడ్ గ్రేస్ అనే నల్లజాతి జట్టు కూడా ఆడేది. నల్లవాళ్ళని అప్పట్లో మేజర్ లీగ్‌లోకి రానిచ్చేవారు కాదు, వాళ్ళవి వేరే నీగ్రో లీగ్‌లు. అందులో జాష్ గిబ్సన్ ఉండేవాడు. 1943లో ఆయన సగటు .466. నీగ్రో లీగ్ అంకెల్ని 2024లో మేజర్ లీగ్ రికార్డుల్లో కలిపాక, ఏ సీజన్‌లోనైనా అదే అత్యధికం. వాషింగ్టన్ యజమాని క్లార్క్ గ్రిఫిత్ గ్రేస్ దగ్గర అద్దె తీసుకునేవాడు, వాళ్ళ ఆట కళ్ళారా చూసేవాడు. ఒకసారి గిబ్సన్‌నీ బక్ లెనర్డ్‌నీ ఆఫీసుకి పిలిచి మేజర్ లీగ్‌లో ఆడతారా అని కూడా అడిగాడని లెనర్డ్ తరవాత చెప్పాడు. ఆడతామన్నారు. ఆ మాట ఆ గదిలోనే ఉండిపోయింది. ఒంటిచేతివాడు పనికొచ్చాడు, ఒంటికాలివాడు పనికొచ్చాడు, తొమ్మిదో తరగతి కుర్రాడు పనికొచ్చాడు, వీళ్ళు మాత్రం పనికిరాలేదు. విలియమ్స్‌ని మైదానానికి దూరం చేసింది యుద్ధం. గిబ్సన్ మైదానంలోనే ఉన్నాడు, దూరం పెట్టింది మనుషులు.

నీగ్రో లీగ్ ఆటగాళ్ళకీ ఇప్పుడు కార్డులున్నాయి. 1945 సీజన్ మళ్ళీ ఆడే మిత్రులెవరైనా సలహా అడిగితే, విలియమ్స్ కార్డు డబ్బాలోనే ఉంచి, గిబ్సన్ కార్డు వాషింగ్టన్ బ్యాటింగ్ వరసలో నాలుగో స్థానంలో పెట్టమంటాను. ఒక చిన్న చిక్కుంది, ఆయన క్యాచరు, అంటే బ్యాటరు వెనక కూర్చుని బంతి పట్టేవాడు. ఆ నలుగురి నకుల్‌బాల్ పట్టడం అలవాటు లేనివాడి తరం కాదు, బంతి చేజారితే బేసు మీదున్న ఎదుటివాడు ఒక బేసు ముందుకెళ్ళిపోవచ్చు. అందుకని నేనైతే వాళ్ళు వేసే రోజుల్లో పాత క్యాచర్నే బ్యాటరు వెనక ఉంచి, గిబ్సన్‌ని ఎడమవైపు అవుట్‌ఫీల్డుకి పంపిస్తాను.