జబ్బు దాచి ఇచ్చిన కుక్క తొమ్మిదో రోజుకి తిరిగొచ్చింది

శ్రోతలందరికీ నమస్కారం. ఈ రోజు మీకు మిరియం గురించి చెప్తాను. మిరియం అంటే కుక్క. చిన్నప్పుడు నల్లగా, గుండ్రటి తలకాయతో అచ్చం మిరియపు గింజలాగే ఉండేది, అందుకే ఆ పేరు. జాతి కుక్కేమీ కాదు, మన వీధి కుక్కే. విజయవాడలో మా వీధి చివర కాలువ గట్టు మీద దొరికింది, అప్పటికి నాలుగు నెలల పిల్ల, కళ్ళ నిండా పుసులు, ముక్కు ఎండి పగిలిపోయి, ఎడమ ముందుకాలు ఆగకుండా అదురుతూ ఉంది. డాక్టరు గారు చూడగానే డిస్టెంపర్ అన్నారు.

ఈ డిస్టెంపర్ కుక్కలకు వచ్చే వైరస్ జబ్బు. మనుషుల్లో తట్టు తెప్పించే వైరస్‌కి ఇది దగ్గరి చుట్టం, కానీ మనకు అంటదు. టీకా పడని కుక్కపిల్లలు మాత్రం బతకడం కష్టం. బతికి బట్టకట్టిన వాటిలో కూడా కొన్నిటికి వైరస్ మెదడు దాకా, నరాల దాకా పోతుంది, ఇక కాలో దవడో జన్మంతా అదురుతూనే ఉంటుంది, నిద్రలో కూడా. మిరియం పడుకుంటే ఆ కాలి గోళ్ళు గచ్చు మీద టక్కు టక్కుమని కొట్టుకునేవి. మొదట్లో ఆ చప్పుడుకి నాకు నిద్ర పట్టేది కాదు, తర్వాత తర్వాత ఆ చప్పుడు వినపడకపోతే లేచి లైటు వేసి చూసేదాన్ని. ఎనిమిదో నెలలో ఫిట్స్ మొదలయ్యాయి.

నేను దాన్ని పెంచుకోవడానికి తేలేదు, బతికించి ఎవరికైనా మంచి ఇంటికి ఇద్దామని తెచ్చాను. మా ఇంట్లో అప్పటికే రెండు ముసలి కుక్కలున్నాయి, పొద్దున తొమ్మిదికి తాళం వేసి వెళ్తే మళ్ళీ రాత్రి ఏడుకే తీయడం. ఫిట్స్ వచ్చే కుక్కకి అలాంటి ఇల్లు పనికిరాదు.

ఒక కుటుంబం ముందుకొచ్చింది. మంచివాళ్ళు, ఇద్దరు చిన్నపిల్లలు, మిరియాన్ని చూడగానే పిల్లలు వదల్లేదు. నేనేం చెప్పానో తెలుసా, "అప్పుడప్పుడు కాస్త వణుకుతుందండి, మాత్ర వేస్తే సరిపోతుంది" అన్నాను. అంతే. ఫిట్ వస్తే ఎలా ఉంటుందో చెప్పలేదు, చెప్తే వద్దంటారేమోనని భయం. తొమ్మిదో రోజు రాత్రి ఒంటిగంటకి ఫోన్. ఆయన గొంతు వణుకుతోంది. మిరియం పడిపోయి కాళ్ళు కొట్టుకుంటోందట, నోట్లోంచి నురగ, కిందంతా మూత్రం, పిల్లలు మంచమెక్కి ఏడుస్తున్నారు, పక్కింటాయన పిచ్చి కుక్క అని కర్ర తీసుకొని గుమ్మంలోకి వచ్చేశాడు. నేను బండేసుకొని వెళ్ళేసరికి ఫిట్ ఆగిపోయింది, మిరియం దారి తెలియక గోడలకు గుద్దుకుంటూ తిరుగుతోంది, కర్ర ఇంకా గుమ్మం దగ్గరే ఉంది. ఆ ఇంటివాళ్ళ తప్పు ఏమీ లేదు. తప్పు నాది. ఆ రోజు ఆ కర్ర దాని తల మీద పడి ఉంటే దాన్ని చంపింది నేనే అయ్యేదాన్ని.

ఇక్కడ ఒక్క మాట. ఫిట్ వేరు, రేబిస్ వేరు. ఫిట్ వచ్చిన కుక్క పక్కకి పడిపోతుంది, ఒంటి మీద స్పృహ ఉండదు, మామూలుగా ఒకటి రెండు నిమిషాల్లో ఆగిపోతుంది, ఆ తర్వాత కాసేపు అయోమయంగా తిరిగి మళ్ళీ తన మనుషుల్ని గుర్తుపడుతుంది. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక వెనక్కి రావడమనేది ఉండదు, రోజురోజుకీ ముదిరి, దాదాపు పది రోజుల్లోపే కుక్క చచ్చిపోతుంది. అలాగని ముక్కూమొహం తెలియని కుక్క కరిస్తే తేలిగ్గా తీసుకోకండి, కుళాయి నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడుక్కుని వెంటనే టీకా వేయించుకోవాలి. నేను చెప్పేది ఏటా రేబిస్ టీకా వేయించిన, మన ఇంట్లో రోజూ కళ్ళముందు తిరిగే కుక్క సంగతి.

రెండోసారి ఇల్లు వెతికినప్పుడు నేను ముందుగా ఫిట్ వీడియో పంపించాను. ముద్దొచ్చే ఫొటోలు తర్వాత. చాలామంది ఆ వీడియో చూసి మళ్ళీ ఫోన్ చేయలేదు, మొదట్లో మనసు చివుక్కుమనేది, తర్వాత అర్థమైంది, ఆ ఫోన్ రాకపోవడమే నాకు మేలు. పారిపోయేవాళ్ళు ముందే పారిపోతే కుక్క మళ్ళీ గుమ్మం మారక్కర్లేదు కదా. వీడియోతో పాటు ఒక కాగితం రాశాను. ఏ మాత్ర, ఎంత, ఎన్నిటికి, నెలకి మందులకెంత అవుతుంది, ఆరు నెలలకోసారి రక్త పరీక్షకెంత, గడిచిన మూడు నెలల్లో ఎన్ని ఫిట్స్ వచ్చాయి, ఒక్కోటీ ఎంతసేపు ఉంది, అన్నీ. డబ్బు సంగతి ఎత్తడానికి మొహమాటపడతాం మనం. పడకూడదు. నాలుగో నెలలో మందులు ఆపేసేది ఆ చెప్పని డబ్బు వల్లే.

మిరియానికి ఇచ్చేది ఫినోబార్బిటోన్, మనుషులకు ఫిట్స్‌కి వాడే పాత మందే. డాక్టరు చీటీ లేకుండా మందుల షాపులో ఇవ్వరు, ఖరీదు పెద్దగా ఉండదు, కానీ అన్ని షాపుల్లో స్టాకు ఉండదు, కాబట్టి డబ్బాలో చివరి మాత్ర దాకా ఆగకూడదు. పన్నెండు గంటలకోసారి వేయాలి. పొద్దున ఎనిమిది, రాత్రి ఎనిమిది. మొదలుపెట్టిన కొత్తలో కుక్క మత్తుగా ఉంటుంది, వెనక కాళ్ళు తూలుతాయి, అది కొన్ని వారాల్లో తగ్గుతుంది, దాహం, ఆకలి, మూత్రం మాత్రం ఎక్కువగానే ఉంటాయి. తీసుకెళ్ళేవాళ్ళకి ఇది చెప్పకపోతే ఇంట్లో మూత్రం పోస్తోందని కుక్కని కొడతారు. లివర్ ఎలా ఉందో, రక్తంలో మందు ఎంత ఉందో అప్పుడప్పుడు చూపించాలి. ఇంకొకటి, ఇది మరీ మరీ చెప్తున్నాను, రెండు నెలలుగా ఫిట్స్ లేవు కదా తగ్గిపోయింది అనుకొని మాత్ర టక్కున ఆపకూడదు. ఆపితే ఒకదాని వెంట ఒకటి వస్తాయి, ప్రాణం మీదకి వస్తుంది.

ఫిట్ వచ్చినప్పుడు చేయాల్సింది తక్కువ, చేయకూడనిదే ఎక్కువ. నోట్లో చెయ్యి పెట్టకండి, నాలుక మింగేస్తుందనేది వట్టి మాట, తెలియకుండానే కొరికేస్తుంది. నీళ్ళు పొయ్యకండి. మెట్ల దగ్గరుంటే ఇవతలికి లాగి, చుట్టూ తగిలే వస్తువులు తీసేసి, టీవీ కట్టేసి, ఫోన్‌లో టైమ్ చూడండి. అయిదు నిమిషాలు దాటినా, ఒకే రోజులో రెండు మూడుసార్లు వచ్చినా ఆలోచించకుండా డాక్టరు దగ్గరికి పరిగెత్తాల్సిందే.

చివరికి తెనాలి నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. ఇంట్లోనే మిషన్ కుట్టుకుంటుంది, యాభై దాటి ఉంటాయి. వీడియో చూశానమ్మా అంది. నేను ఇంకేదో చెప్పబోతుంటే, "ఫిట్ వస్తే చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, అవన్నీ ఉత్తుత్తివే కదమ్మా, మా తమ్ముడికి చిన్నప్పటి నుంచీ ఉండేవి, మాత్ర టైముకి పడటమే ముఖ్యం" అంది. నాకు నోట మాట రాలేదు. ఇన్నాళ్ళూ నేను జబ్బు గురించి ఒక్కొక్కరికీ పాఠం చెప్తున్నాను, ఈవిడ ఆ జబ్బు పక్కన కూర్చుని పెరిగిన మనిషి.

అయినా అడగాల్సినవన్నీ అడిగాను. ఇల్లు సొంతమా అద్దెదా, అద్దెయితే ఇంటివాళ్ళు ఒప్పుకున్నారా. సంక్రాంతికి ఊరెళ్తే మాత్ర ఎవరు వేస్తారు. డాబా మీద కట్టేస్తారా. ఇంట్లో ఇంకో కుక్కుందా, ఉంటే దానికి టీకాలు పడ్డాయా, ఎందుకంటే డిస్టెంపర్ నుంచి కోలుకున్న కుక్క కొన్ని నెలల దాకా కూడా వైరస్‌ని బయటికి వదలగలదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఫోన్‌లో మాట్లాడిన మనిషితో కాదు, ఇంట్లో ఆ పని ఎవరి మీద పడుతుందో వాళ్ళతో మాట్లాడాలి. చాలా ఇళ్ళల్లో కొడుకు సరదాపడి తెస్తాడు, మూత్రం తుడిచేది తల్లి. ఆ తల్లి సరేనంటేనే ఇవ్వండి.

మిరియంలాంటివే కాదు, రకరకాల కుక్కలుంటాయి. మూడు కాళ్ళ కుక్కని చూసి జనం ఎక్కువ భయపడతారు గానీ నిజానికి దానికి మీరు ప్రత్యేకంగా చేయాల్సింది చాలా తక్కువ. కళ్ళు కనపడని కుక్క ఇల్లంతా వాసనతో, అడుగుల లెక్కతో నేర్చుకుంటుంది, మీరు మంచం, నీళ్ళ గిన్నె చోటు మార్చకుండా ఉంటే చాలు. బండి గుద్ది నడుం పడిపోయిన కుక్క సంగతి వేరు, చాలావాటికి మూత్రం దానంతటది రాదు, రోజుకి మూడు నాలుగుసార్లు పొట్ట కింద చేత్తో నొక్కి తీయాలి, అది నోటితో చెప్తే వచ్చే విద్య కాదు. తీసుకెళ్ళేవాళ్ళు డాక్టరు ముందు స్వయంగా చేసి చూపించాకే కుక్కని పంపాలి.

వదిలేసి రావడం గురించి కూడా అడుగుతారు, "మేం చూసుకోలేకపోతే ఏదో గుడి దగ్గర వదిలేస్తాం, ఎవరో అన్నం పెడతారు" అని. ఆకలికీ దాహానికీ అల్లాడేలా జంతువుని వదిలేయడం 1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం ప్రకారం నేరం. మొదటిసారికి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు, ఇన్నేళ్ళయినా అదే, తలుచుకుంటే కడుపు మండుతుంది. ఫిట్స్ ఉన్న కుక్కకి గుడి దగ్గర ఎనిమిది గంటలకి మాత్ర ఎవరు వేస్తారు? మీ వల్ల కాకపోతే ఎవరి దగ్గర తీసుకున్నారో వాళ్ళకే తిరిగి ఇచ్చేయండి. నేను కాగితం మీద ఆ మాటే రాయించుకున్నాను, వేరేవాళ్ళకి ఇవ్వకూడదు, ఏ అర్ధరాత్రయినా నాకే ఫోన్ చేయాలి అని.

తెనాలి పంపేటప్పుడు నెలకి సరిపడా మాత్రలు, టీకాల కార్డు, చీటీ నకళ్ళు, ఫిట్స్ రాసిన నోట్‌బుక్ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టాను. అది పడుకునే పాత దుప్పటి ఉతక్కుండా అలాగే ఇచ్చాను, వాసన ఉంటే కొత్త చోట బెంగ తక్కువ పడుతుంది. మూడు వారాలు చూసి చెప్పండి అన్నాను.

నెల తర్వాత చూడ్డానికి వెళ్ళాను. మిరియం నన్ను చూసి తోక ఊపింది, వాసన చూసింది, వెళ్ళి మళ్ళీ మిషన్ కింద పడుకుంది. కాస్త బాధేసింది, దాచనక్కర్లేదు. అప్పుడు చూశాను, మిషన్ ఇనప కాళ్ళకి కింద నుంచి మోకాలెత్తు దాకా రవిక గుడ్డ ముక్కలు మందంగా చుట్టి కుట్టేసి ఉన్నాయి, ఎరుపు, పసుపు, జరీ అంచువి కూడా. చక్రం వైపు ఒక అట్ట అడ్డం. "పోయిన ఆదివారం వచ్చిందమ్మా, తల దీనికి తగలబోయింది" అంది ఆవిడ, పళ్ళతో దారం తెంపుతూ. నోట్‌బుక్ తెరిచి చూపించింది. నా రాత కింద ఆవిడ రాత, ఆదివారం, సాయంత్రం అయిదుం పావు, ఒక నిమిషం ఇరవై సెకన్లు. నెల మొత్తానికి ఆ ఒక్క లైనే. బల్ల కింద టక్కు టక్కుమని చప్పుడు వినపడుతోంది, ఆవిడ మళ్ళీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది.