శెనక్కాయ పొట్టుతో సూపర్ కెపాసిటర్: అసలు పని కడగడంలోనే

సభకు నమస్కారం.

మన చిత్తూరు మెట్టపొలాల్లో పండే శెనక్కాయల పొట్టు చాలావరకు పొయ్యిలోకే పోతోంది. సూపర్ కెపాసిటర్‌కు (అంటే చార్జిని క్షణాల్లో నింపుకొని క్షణాల్లో వదిలే పరికరానికి) కావలసిన కార్బన్ దాన్నుంచి తీయొచ్చు. పేరంతా కొలిమికే వస్తుంది గానీ, సరుకు బాగుపడేదైనా చెడేదైనా కడిగేచోటే.

కాయ మట్టిలో పండేది కాబట్టి పొట్టుకు ఎర్రమన్ను పట్టుకునే ఉంటుంది. రెండు మూడు నీళ్లు మార్చి కడిగి, 105 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి, పొడికొట్టి జల్లించండి. నైట్రోజన్ పారుతుండగా నిమిషానికి 5 డిగ్రీల చొప్పున 500 దాకా తీసుకెళ్లి, అక్కడ ఒక గంట ఉంచండి. వంద గ్రాములకు సుమారు ముప్పై గ్రాముల బొగ్గు దక్కుతుంది. గాలి దూరిందా, మిగిలేది బూడిదే.

ఒక వంతు బొగ్గుకు మూడు వంతుల కాస్టిక్ పొటాష్ (పొటాషియం హైడ్రాక్సైడ్) కలిపి, నికెల్ మూసలో, మళ్లీ నైట్రోజన్‌లోనే, 700 నుంచి 800 డిగ్రీల దగ్గర గంటసేపు కాల్చాలి. పింగాణీ మూస పెడితే పొటాష్ దాన్నీ తినేస్తుంది. పొటాష్ కార్బన్‌ను కొరికిన చోటల్లా 2 నానోమీటర్లకన్నా సన్నని రంధ్రాలు పడతాయి. చార్జి నిలిచేది వాటి గోడల మీదే. ఈ వేడిలో పొటాషియం లోహం కూడా పుడుతుంది. మూస పూర్తిగా చల్లారకముందే తీసి నీళ్లు పోస్తే మంట లేస్తుంది.

ఇక కడగడం. 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కచుక్కగా పోయాలి; లోపలున్న కార్బోనేట్ బుసబుసా పొంగుతుంది, తొందరపడితే పొడి బీకరు దాటిపోతుంది. తర్వాత వేడి డిస్టిల్డ్ వాటర్. పీహెచ్ 7 (ఆమ్లమూ క్షారమూ కాని స్థితి) చూపగానే చాలామంది ఆపేస్తారు. అదే నీళ్లలో ఒక గంట నానబెట్టి మళ్లీ చూడండి, రంధ్రాల్లో ఇరుక్కున్నది అప్పుడు బయటికొస్తుంది. వడపోసిన నీటిలో ఒక చుక్క సిల్వర్ నైట్రేట్ వేస్తే తెల్లగా మబ్బు కమ్మిందంటే క్లోరైడ్ ఇంకా ఉన్నట్టే. అది సెల్‌లోని అల్యూమినియం రేకును తినేస్తుంది. మన్నులోంచి వచ్చిన ఇనుము మిగిలిపోతే, చార్జి చేసి పక్కన పెట్టిన సెల్ దానంతటదే దిగిపోతుంది.

ఎలక్ట్రోడ్‌కు కార్బన్ 80, కరెంటు బాగా పారడానికి కార్బన్ బ్లాక్ 10, పొడిని అతికించే బైండర్ 10 పాళ్లు. బైండర్ ఎక్కువైతే రంధ్రాలు మూసుకుపోతాయి.

పత్రాల్లో కనబడే పెద్ద అంకెలకు మురిసిపోకండి. చదరపు సెంటీమీటరుకు 1 మిల్లీగ్రాము పూస్తే ఏ కార్బనైనా బాగానే కనబడుతుంది. మార్కెట్లో అమ్మే సెల్‌కు 10 మిల్లీగ్రాముల దాకా కావాలి. పైగా ఒక్క ఎలక్ట్రోడ్‌కు గ్రాముకింత అని చెప్పిన ఫారడ్లు (చార్జి పట్టే సామర్థ్యానికి కొలత), రెండూ కలిపి తూచిన సెల్‌లో నాలుగోవంతుకు పడిపోతాయి. శక్తి వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది కాబట్టి, ఎలక్ట్రోడ్ల మధ్య అయాన్లను మోసే ద్రవాల్లో 1 వోల్టు దగ్గర ఆగే నీటి ఎలక్ట్రోలైట్‌ను వదిలి 2.7 వోల్టుల సేంద్రియ ఎలక్ట్రోలైట్‌కు వెళితే, కెపాసిటెన్స్ అంతే ఉన్నా ఏడు రెట్లు వస్తుంది. అయితే అక్కడ తేమ అసలు పనికిరాదు. ఎలక్ట్రోడ్‌ను వాక్యూమ్‌లో 120 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెట్టి, సెల్‌ను గాలీ తేమా చొరని గ్లవ్ బాక్స్‌లోనే మూయాలి.