కిల్కెనీలో రెండు రాత్రులు: గది ఎక్కడ తీసుకోవాలి, ఎక్కడ తీసుకోకూడదు

నమస్కారం. నా వెనుక కనిపిస్తున్నది ఐర్లండ్‌లోని కిల్కెనీ కోట. దాని కాళ్ల దగ్గర పారుతున్నది నోర్ నది. నా చేతిలో ఉన్నది గొడుగు. పావుగంటలో దీన్ని మూడుసార్లు తెరిచి మూశాను కాబట్టి, మధ్యలో మాట ఆగితే ఏమీ అనుకోకండి.

డబ్లిన్‌లో ఉంటున్న మనవాళ్లను అడిగితే చాలామంది కిల్కెనీ చూశామనే అంటారు. ఎలా చూశారని రెండో ప్రశ్న వేస్తే తెలుస్తుంది. పొద్దున్నే టూరు బస్సెక్కి, దారిలో గ్లెండలాక్ లోయ చూసుకుని, ఇక్కడ దిగి, కోట ముందు నాలుగు ఫొటోలు తీసుకుని, దీపాలు పెట్టేలోగా తిరిగి బస్సెక్కేశారు. మొదటిసారి నేనూ అలాగే వచ్చి వెళ్లాను. ఈసారి గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్నలతో రెండు రాత్రులు ఉన్నాను. అందులో ఒక రాత్రి కంటికి కునుకు లేదు. నిజం చెప్పాలంటే ఈ వీడియో పుట్టింది ఆ రాత్రే.

ముందు ఊరి కొలత చెబుతాను. 2022 జనగణనలో ఇక్కడి జనం 27 వేల పైచిలుకు. మన లెక్కలో ఓ మోస్తరు మండల కేంద్రం. అయినా 1609లో ఇంగ్లండ్ రాజు మొదటి జేమ్స్ ఇచ్చిన నగర హోదాను ఊరు ఇంకా వదులుకోలేదు. పట్టణం అంటే నవ్వుతూనే సరిదిద్దుతారు. ఒక చివర కోట, ఇంకో చివర సెయింట్ కానిస్ కెథీడ్రల్ అనే పెద్ద చర్చి, రెండింటి మధ్య ఒకే దారి. దీన్నే మెడీవల్ మైల్, అంటే మధ్యయుగపు మైలు అంటారు. ఆగకుండా నడిస్తే అరగంట కూడా పట్టదు. డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్ నుంచి రైల్లో సుమారు గంటన్నర ప్రయాణం. స్టేషన్ నుంచి నది దాటి ఊళ్లోకి పది నిమిషాల నడక. అందువల్ల కారు అక్కరలేదు. ఈ ఇరుకు వీధుల్లో అదొక బరువు.

సరే, గది సంగతి. బుకింగ్ సైట్లో "ఊరి నడిబొడ్డున" అని చూడగానే సంతోషపడ్డాను. ఎటు చూసినా నడిచే దూరమే కదా, పెద్దవాళ్లకు సుఖంగా ఉంటుందనుకున్నాను. వెళ్లి చూస్తే మా గది సరిగ్గా ఒక పబ్బు నెత్తిన ఉంది. శుక్రవారం సాయంత్రం ఆరింటికి కింద ఫిడేలు మొదలైంది. వినసొంపుగానే ఉంది, అమ్మ కిటికీ కూడా తెరిచింది. పదకొండింటికి మూసింది. ఒంటిగంటకు దిండు చెవులకు అడ్డం పెట్టుకుంది. రెండింటికి వీధిలో పది మంది ఆడపిల్లలు, మెడలో గులాబీ రంగు పట్టీలు, రాతి బాట మీద చక్రాల పెట్టెలు గడగడలాడించుకుంటూ, పాటలు. నాన్న చీకట్లో లేచి కూర్చుని, "విడిదింట్లో దిగినట్టుంది" అన్నారు.

ఆయన ఎగతాళికి అన్నారు గానీ అది అక్షరాలా నిజం. పెళ్లికి ముందు పెళ్లికూతురిని స్నేహితురాళ్లు, పెళ్లికొడుకును స్నేహితులు ఊరు తీసుకెళ్లి సందడి చేయడం ఇక్కడి ఆనవాయితీ. ఐర్లండ్ మొత్తంలో ఆ సందడికి పేరుపడ్డ ఊళ్లలో కిల్కెనీ ఒకటి. వాళ్లను తప్పుపట్టను, వాళ్ల పెళ్లి వాళ్లిష్టం. గది ఎంచుకునేటప్పుడు కిటికీలోంచి ఏం కనిపిస్తుందో చూశాను తప్ప ఏం వినిపిస్తుందో ఆలోచించలేదు. తప్పు నాదే.

కాబట్టి నా సలహా రెండు ముక్కలు. ఆదివారం నుంచి గురువారం లోపు రండి. నేను వెతికిన రోజున అదే గది శనివారం ధర, మంగళవారం ధరకు దాదాపు రెట్టింపు చూపించింది. డబ్బూ మిగులుతుంది, నిద్రా మిగులుతుంది. వారాంతమే కుదురుతుందంటారా, నడిబొడ్డు వదిలేసి పది పదిహేను నిమిషాల నడక దూరంలో, ఇళ్లున్న వీధిలో గెస్ట్‌హౌస్ తీసుకోండి. హోటలైతే వీధి వైపు కాకుండా వెనుక వైపు గది కావాలని ముందే రాయండి. జూన్ మొదట్లో హాస్యోత్సవం, ఆగస్టులో కళోత్సవం జరుగుతాయి. ఆ రోజుల్లో రావాలంటే నెలల ముందే గది పట్టుకోవాలి.

రెండో రాత్రి మేం మారింది అలాంటి గెస్ట్‌హౌస్‌కే. గది చిన్నది, మెట్లు ఇరుకు, వేడినీళ్లు రావడానికి కాస్త ఓపిక కావాలి. కానీ తొమ్మిదింటికే వీధి సద్దుమణిగింది. పొద్దున ఇంటావిడ సోడా రొట్టె చేసి పెట్టింది. ఈస్టు లేకుండా మజ్జిగతో, వంటసోడాతో చేసే రొట్టె ఇది. పైన గట్టిగా పెళుసు, లోపల మెత్తగా, కొంచెం పుల్లగా. వేడి మీద వెన్న రాస్తే కరిగి అంచుల దాకా పాకుతుంది. అమ్మ మూడు ముక్కలు తిని, "మజ్జిగ ఎంత పోశారో అడుగు" అంది. అడిగాను. ఆవిడ చేత్తో గాలిలో చూపించింది. అమ్మ అర్థమైనట్టే తల ఊపింది.

అల్పాహారం విషయంలో ఒక జాగ్రత్త. ఐరిష్ బ్రేక్‌ఫాస్ట్ పళ్లెంలో నల్లగా గుండ్రటి ముక్కలు వేస్తారు. పేరు బ్లాక్ పుడింగ్. పుడింగ్ అనగానే తీపి పదార్థం అనుకోకండి, అది పంది రక్తంతో చేసింది. తెల్లటిది కూడా పందిమాంసమే. శాకాహారులు పుట్టగొడుగులు, టమాటా, ఓట్స్ జావ, గుడ్డు తినేవాళ్లయితే గుడ్లు అడిగి తీసుకోవచ్చు. ముందు రాత్రే చెబితే ఎవరూ విసుక్కోరు.

ఇప్పుడు కోట. పన్నెండో శతాబ్దంలో స్ట్రాంగ్‌బో అనే నార్మన్ దొర ఇక్కడ కర్రతో కోట కట్టించాడు. తర్వాత ఆయన అల్లుడు విలియం మార్షల్ రాతితో కట్టించాడు. 1391లో బట్లర్ వంశం దీన్ని కొనుక్కుని ఐదువందల ఏళ్లకు పైగా ఏలింది. 1935లో ఖర్చులు భరించలేక సామాన్లు వేలం వేసి వెళ్లిపోయారు. 1967లో కోటను ఊరి ప్రజలకు అమ్మేశారు. ఎంతకనుకుంటున్నారు? 50 పౌండ్లకు. నాన్న రిజిస్ట్రేషన్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఈ మాట వినగానే అక్కడే ఆగిపోయి, "మరి స్టాంపు డ్యూటీ దేని మీద లెక్కగట్టారు?" అన్నారు. గైడు దగ్గర జవాబు లేదు. పాపం, ఎవరూ అడిగి ఉండరు.

లోపల తప్పకుండా చూడాల్సింది లాంగ్ గ్యాలరీ. పొడవాటి హాలు, గోడల నిండా వంశస్థుల చిత్రపటాలు, పైన రంగులు వేసిన చెక్క దూలాల కప్పు. మిగతా చోట పడగ్గదులు, భోజనాల గది, దర్జా బాగానే ఉంటాయి. ఇలాంటివి రెండు మూడు కోటలు చూసినవాళ్లకు అంత కొత్తగా అనిపించవు. నన్నడిగితే టికెట్ లేని పార్కే ఎక్కువ నచ్చింది. అక్కడి నుంచి చూస్తే కోటకు ఒక వైపు గోడే లేదని తెలుస్తుంది, మూడు బురుజులే నిలిచాయి. 1650లో ఇంగ్లిషు సేనాని క్రామ్‌వెల్ సైన్యం ముట్టడించినప్పుడు బాగా దెబ్బతిన్నది ఈ కోట.

అమ్మ మాత్రం గదులన్నీ చూసి, "ఇవన్నీ తుడిచినవాళ్ల బొమ్మ ఒక్కటైనా లేదే" అంది. పనివాళ్ల మాట వచ్చింది కాబట్టి ఒక కథ చెప్పాలి. కీరన్ వీధిలో కైట్లర్స్ ఇన్ అని పబ్బు ఉంది. ఆలిస్ కైట్లర్ అనే ధనికురాలి పేరు అది. వడ్డీ వ్యాపారం, వరసగా నలుగురు భర్తలు. సవతి పిల్లలు ఫిర్యాదు చేస్తే, బిషప్ లెడ్రెడ్ 1324లో ఆమెను మంత్రగత్తె అన్నాడు. పలుకుబడి ఉంది కాబట్టి ఆమె దేశం దాటేసింది. దొరికిపోయింది పనిమనిషి పెట్రోనిలా. కొరడాలతో కొట్టి, 1324 నవంబరు 3న సజీవంగా కాల్చేశారు. ఆలిస్ కొడుక్కు పడ్డ శిక్ష ఏమిటంటే, కెథీడ్రల్ కప్పుకు సీసపు రేకులు వేయించడం. 1332లో ఆ కెథీడ్రల్ మధ్య గోపురం కూలింది. సీసం బరువుకే కూలిందని ఊళ్లో చెప్పుకుంటారు. పబ్బుకు యజమానురాలి పేరు దక్కింది. పెట్రోనిలా పేరుతో ఒక్క బోర్డయినా ఉందేమోనని అమ్మ వీధంతా వెతికింది. మాకు కనిపించలేదు.

ఆ కెథీడ్రల్ పక్కనే ఉన్న గుండ్రటి గోపురం దానికంటే పాతది, ఎత్తు దాదాపు 30 మీటర్లు. ఐర్లండ్‌లో పైదాకా ఎక్కనిచ్చే ఇలాంటి గోపురాలు రెండో మూడో ఉన్నాయి, అంతే. లోపల మెట్లనడం మర్యాద, అవి నిటారు చెక్క నిచ్చెనలు. భుజాలు రెండు పక్కలా రాళ్లకు రాసుకుంటాయి, పైనుంచి దిగేవాళ్లు ఎదురైతే గోడకు అతుక్కుపోవాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వద్దు, చిన్నపిల్లలను ఎలాగూ ఎక్కనివ్వరు, వాతావరణం బాగాలేకపోతే మూసేస్తారు. పైకెళ్లాక గాలి, స్లేటు కప్పులు, చుట్టూ పచ్చటి పొలాలు. కోటకు పదికి ఏడు ఇస్తాను, దీనికి తొమ్మిదిన్నర. ఆ అరమార్కు నా భుజం గీసుకుపోయినందుకు.

తీరిక ఉంటే రోత్ హౌస్ చూడండి. 1594 నుంచి 1610 మధ్య ఒక వర్తకుడు ఒకదాని వెనుక ఒకటిగా కట్టుకున్న మూడు ఇళ్లు, మధ్యలో ముంగిళ్లు. లోగిలి ఇళ్లు ఎరిగిన మనకు వెంటనే ఒంటబడుతుంది. ఊరి బయట జెర్‌పాయింట్ అనే పాత క్రైస్తవ మఠం, డన్‌మోర్ గుహ ఉన్నాయి. మూడో రోజు ఉంటేనే వాటి జోలికి వెళ్లండి.

వాన వస్తే గదిలో కూర్చోకండి. ఇదిగో, కెమెరా కిందికి దించుతున్నాను, ఈ నల్ల పలక చూడండి. కిల్కెనీ నల్ల పాలరాయి అని పేరుగానీ నిజానికి సున్నపురాయి. ఎండలో వట్టి బూడిద రంగు. తడిస్తే నల్లగా తేలి, అందులో తెల్లటి చుక్కలు, సున్నాలు, విరిగిన గవ్వల్లాంటి గీతలు బయటపడతాయి. ముప్పై కోట్ల ఏళ్లకు పైబడిన సముద్రజీవుల శిలాజాలు అవి. ఇక్కడ ఈ మూల పగడపు ముక్క ఉంది, వేలిగోరంత. జనం దీని మీదే నడిచిపోతున్నారు.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. వీధుల్లో ఈ నలుపు, పసుపు జెండాలు కనిపిస్తున్నాయి కదా, అవి హర్లింగ్ ఆటవి. 1366లో ఇంగ్లిషు ప్రభుత్వం ఇక్కడే కూర్చుని కిల్కెనీ శాసనాలు చేసింది. తమవాళ్లు ఐరిష్ మాట్లాడకూడదు, ఐరిష్ వారిని పెళ్లాడకూడదు, కర్రతో బంతిని కొట్టే ఈ ఆట ఆడకూడదు అని. ఆల్ ఐర్లండ్ హర్లింగ్ కప్పులు అందరికంటే ఎక్కువసార్లు గెలిచింది ఈ కిల్కెనీ జట్టే, 36 సార్లు.

భారత్ నుంచి నేరుగా వచ్చేవాళ్లకు: ఐర్లండ్ షెంజెన్‌లో లేదు, యూరప్ తిరగడానికి తీసుకున్న ఆ వీసా ఇక్కడ చెల్లదు. ఐరిష్ వీసా విడిగా తీసుకోవాలి. జూన్‌లో రాత్రి పది దాకా వెలుగు, డిసెంబర్లో నాలుగున్నరకే చీకటి. టికెట్లు కొనేముందు ఇది గుర్తుంచుకోండి.

తిరుగు ప్రయాణంలో ఇంకో చిన్న విషయం. కిల్కెనీ స్టేషన్లో పట్టాలు అక్కడితో ఆగిపోతాయి. రైలు ఏ వైపు నుంచి లోపలికి వచ్చిందో ఆ వైపుకే బయటికి వెళుతుంది. వెనక్కి కూర్చుంటే తల తిరిగేవాళ్లు, బండి వచ్చిన దిక్కుకు ముఖం ఉండే సీటు పట్టుకోండి. అమ్మకు నేను సరిగ్గా వ్యతిరేకం సీటు చూపించాను. డబ్లిన్ దాకా దాని గురించి విన్నాను.